జ్వరం దిగిన సాయంత్రం

కాంతమణి టీచరు ఇంట్లో థర్మామీటరుకి ఉన్నంత మర్యాద ఇంకే వస్తువుకీ లేదు. దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, బీరువాలో బైబిలు పక్కన పెట్టుకునేది. యాప్రాల్లో వాళ్ల కాలనీలో ఏ ఇంట్లో ఎవరికి ఒళ్లు వేడెక్కినా మొదటి కబురు ఆవిడకే. వచ్చేది, నాలుక కింద థర్మామీటరు పెట్టేది, కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి తిప్పి చూసేది, పెదవి విరిచేది. డాక్టరు దగ్గరికి తరమడం, ఉపవాస ప్రార్థన పెట్టడం, గంజి కాచి పంపడం ఆ తర్వాత. జ్వరం దిగిందంటే మాత్రం ఆ ఇంటివాళ్లని ఊపిరి పీల్చుకోనిచ్చేది కాదు. అదే సాయంత్రం కృతజ్ఞత కూడిక జరిగి తీరాల్సిందే.

కృతజ్ఞత కూడికలు క్రైస్తవుల ఇళ్లలో కొత్తేమీ కాదు. మనిషి లేచి తిరుగుతున్నాక, వీలు చూసుకుని ఓ ఆదివారం నలుగురినీ పిలుస్తారు. రెండు పాటలు, ఒక ప్రార్థన, టీ, బిస్కెట్లు. అదే రోజు చెయ్యాలన్న పంతం మాత్రం కాంతమణిది. "దేవుడు మేలు చేసిన రోజున నోరు మూసుకుని, వారం పోయాక తీరిగ్గా స్తోత్రం చెప్తారా?" అని గదమాయించేది. ఆవిడ పద్ధతిలో జబ్బుపడ్డ మనిషి వేణ్ణీళ్లతో తలస్నానం చెయ్యాలి, ఉతికిన బట్టలు వేసుకోవాలి, ముందు కుర్చీలో కూర్చోవాలి, చివర్న లేచి నిలబడి దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి. వచ్చినవాళ్లు చెయ్యి కలిపి వందనాలు చెప్పాలి. ఇందులో ఒక్కటి తగ్గినా ఊరుకోదు. పాస్టరు పేతురుగారికే ఆవిడ మాట కాదనే ధైర్యం లేదు, మిగతావాళ్ల సంగతి చెప్పేదేముంది! చెడ్డ మనిషైతే ఎవరో ఒకరు ఎదురు తిరిగేవారు. కాంతమణి మంచి మనిషి కావడంతో వచ్చింది చిక్కంతా. చివరికి ఆ పంతం ఆవిడ సొంత తమ్ముడు లూకా ప్రాణం మీదికే తెచ్చింది.

లూకా అంటే ఆవిడకి తమ్ముడన్నది పేరుకే. తాతగారు నరసాపురం నుంచి రైల్వే ఉద్యోగానికి సికింద్రాబాద్ వచ్చారు, తండ్రి కూడా ఆ రైల్వేలోనే చేశాడు. తల్లి కామెర్లతో పోయింది. ఏడాది తిరక్కుండా తండ్రీ పోయాడు. అప్పటికి కాంతమణి టీచరు ట్రైనింగులో ఉంది, లూకా ఇంకా అన్నం కలిపి పెడితే తినే వయసులో ఉన్నాడు. ఆ తర్వాత కాకినాడ నుంచి ఒక మంచి సంబంధం వచ్చింది. పెళ్లికొడుకు కాఫీ తాగుతూ, "పిల్లాణ్ణి ఏదైనా హాస్టల్లో వేద్దాం లెండి" అన్నాడు. ఆవిడ ఖాళీ కప్పు అందుకుని, గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. మళ్లీ ఇంకో సంబంధం చూడనివ్వలేదు.

సికింద్రాబాద్‌లో ఒక మిషన్ స్కూల్లో తెలుగు చెబుతూ తమ్ముణ్ణి చదివించింది. అతను ఏ చొక్కా తొడుక్కోవాలో, ఏ పరీక్ష రాయాలో ఆవిడే చెప్పేది. లూకా తల ఊపేవాడు. స్టేషన్లో బుకింగ్ కౌంటరు ఉద్యోగం వచ్చాక కూడా టిఫిన్ డబ్బాలో ఏం ఉండాలో ఆవిడే చెప్పేది, అతను తల ఊపేవాడు. పాలకొల్లు నుంచి మేబెల్‌ని చూసి పెళ్లి చేసింది కూడా ఆవిడే. మేబెల్ నెమ్మదైన పిల్ల. పెళ్లయి ఏడాదైనా వదినగారి ముందు మాట పెగిలేది కాదు.

ఆ ఏడు వానలు ఆగీ ఆగకుండా కురిశాయి. వాళ్ల ఇంటి పక్క స్థలంలో ఎవరో ఇల్లు మొదలుపెట్టి సగంలో వదిలేశారు. పునాది గుంటల్లో నీళ్లు, స్లాబు మీద నీళ్లు, పట్టపగలే కాళ్ల మీద మచ్చల దోమలు. కాలనీలో ఇంటికొకరు పడకేశారు. సెప్టెంబరులో లూకా వంతు వచ్చింది. ఒళ్లంతా విరగ్గొట్టినట్టు నొప్పులు, కళ్ల వెనక పోటు, పెనంలా కాలే ఒళ్లు. వీధి చివర క్లినిక్‌లో కుర్ర డాక్టరు రక్తం తీయించి డెంగీ అని తేల్చాడు. "ఇప్పటికైతే పర్వాలేదు. జ్వరం తగ్గాక జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండండి. కడుపు నొప్పి వచ్చినా, వాంతులైనా, ఒంటేలు తగ్గినా వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాలి" అని కాంతమణికి చెప్పాడు.

ఆవిడ విన్నది. విని, తన పద్ధతిలో అర్థం చేసుకుంది. జ్వరం తగ్గాక నీరసం వస్తుంది, కనిపెట్టుకుని ఉండమన్నాడు, అంతే కదా అనుకుంది. రోజూ బొప్పాయి ఆకు రసం తాగించింది. ప్లేట్‌లెట్ల లెక్క వచ్చినప్పుడల్లా చర్చి వాళ్లందరికీ ఫోన్లు చేసింది. రాత్రిళ్లు తడిగుడ్డతో తమ్ముడి నుదురు తుడుస్తూ, "ఈ జ్వరం ఒక్కటి దించు ప్రభువా, ఇంకేమీ అడగను" అని మొక్కుకుంది.

శనివారం పొద్దున జ్వరం దిగింది. చెమటలు పట్టి, పక్క తడిసి, ఒళ్లు చల్లబడింది. కాంతమణి థర్మామీటరు కిటికీ దగ్గర పట్టుకుని చూసి అక్కడే మోకాళ్ల మీద కూలబడి ఏడ్చింది. అది దొంగ ఏడుపు కాదు. ఈ లోకంలో ఆవిడకున్నది ఆ ఒక్కడే. ఏడుపు అయ్యాక కళ్లు తుడుచుకుని, పాస్టరుగారికి ఫోను చేసి, నాలుగింటికి కూడిక అని చెప్పేసింది.

"ఇవాళేనా అమ్మా? అబ్బాయి కాస్త కోలుకోనివ్వండి" అన్నారు పేతురుగారు.

"కోలుకున్నాడు కాబట్టే కూడిక అయ్యగారూ" అని ఫోను పెట్టేసింది.

పొద్దున తాగిన గంజి లూకాకి ఇమడలేదు. రెండుసార్లు వాంతి అయింది. మధ్యాహ్నం పొట్ట పట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మేబెల్ మంచం పక్కన కూర్చుని అతని చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది, పాదాలు ముట్టుకుని చూసింది. ఎండ పొద్దయినా అవి బావి నీళ్లలో ముంచి తీసినట్టున్నాయి. పొద్దుటినుంచి అతను బాత్రూముకి కూడా వెళ్లలేదు. మేబెల్ లేచింది. వంటగదిలోకి వెళ్లి, బిస్కెట్లు ప్లేట్లలో సర్దుతున్న కాంతమణి వెనక నిలబడింది.

"వదినా... ఆయన చేతులూ కాళ్లూ మరీ చల్లగా ఉన్నాయండి."

"వారం రోజులు కాలిన ఒళ్లు చల్లబడక ఏమవుతుంది మేబెల్? స్తోత్రం చెప్పు."

"కడుపులో నొప్పంటున్నారండి."

"ఉత్త కడుపు. నాలుగు బిస్కెట్లు పడితే అదే సర్దుకుంటుంది. వేణ్ణీళ్లు కాగాయా చూడు."

మేబెల్ నీళ్లు కాగాయో లేదో చూడ్డానికి వెళ్లింది. ఆ ఇంట్లో అంతకన్నా గట్టిగా ఎలా మాట్లాడాలో ఆ పిల్లకి తెలియదు.

నాలుగింటికి హాలు నిండిపోయింది. తలస్నానం చేసిన లూకా తెల్లచొక్కాలో ముందు కుర్చీలో కూర్చున్నాడు. నడుం దగ్గర బొత్తాలు బిగుతుగా ఉన్నాయి. వారం రోజులు సరిగా తిండి లేని మనిషికి పొట్ట ఎందుకు పెరిగిందని ఎవరూ అనుకోలేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టు అతని చెయ్యి పట్టుకున్నారు. "ఎంత చల్లగా ఉందో! దేవుడి మేలు" అన్నారు. ముసలివాళ్లు అతని అరచెయ్యి తమ బుగ్గకి ఆనించుకున్నారు. ఇంతమంది ముట్టుకున్నారు. ముట్టుకున్న ప్రతివాళ్లూ దేవుడికి వందనాలు చెప్పుకున్నారు. తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఎదురింటి రోసమ్మ ఒక్కతే చెయ్యి వదలకుండా నిలబడింది. "ఏంది టీచరమ్మా, గిట్ల ఐసు లెక్కున్నయ్ చేతులు? పిలగానికి జెర కంబళి కప్పరాదూ!"

"కప్పుతాం రోసమ్మా, సాక్ష్యం అవ్వనీ."

"ఏం తమ్మీ, తక్లీఫ్ ఏమన్నున్నదా?" అని రోసమ్మ లూకానే అడిగింది.

లూకా అక్కవైపు చూశాడు. తర్వాత నవ్వాడు. "ఏం లేదు, మంచిగనే ఉన్న" అన్నాడు.

పాటలయ్యాయి. పేతురుగారు ఎందుకో ప్రార్థన త్వరగా ముగించారు. లూకా కుర్చీలో కుదురుగా ఉండలేకపోతున్నాడు, ఒక పక్కకి ఒరుగుతాడు, సర్దుకుంటాడు, నీళ్లు అడుగుతాడు. పెదవులు బూడిద రంగుకు తిరిగాయి. సాక్ష్యం చెప్పడానికి కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. "దేవుడు నాకు..." అన్నాడు. తర్వాతి మాట కోసం వెతుకుతున్నట్టు అందరి మొహాలూ చూశాడు. మోకాళ్లు మడతపడి, టీ ట్రేతో వస్తున్న మేబెల్ కాళ్ల దగ్గర పడిపోయాడు.

పాస్టరుగారి వ్యానులో సైనిక్‌పురిలోని ఆసుపత్రికి తీసుకెళ్లారు. దారిలో మేబెల్ ఒళ్లో తల పెట్టుకుని లూకా మెలకువగానే ఉన్నాడు కానీ, ఏది అడిగినా బదులు ఆలస్యంగా వచ్చేది. కాంతమణి వ్యాను ముందు సీటులో కూర్చుని గట్టిగా ప్రార్థన చేస్తూనే ఉంది. వెనక్కి తిరిగి చూడ్డానికి భయపడింది.

డాక్టర్ శేషారత్నం వయసు మళ్లిన మనిషి, రాజమండ్రి యాస, కోపిష్ఠి అని పేరు. నాడి చూసింది, బీపీ చూసింది, గోరు నొక్కి వదిలి అది మళ్లీ ఎర్రబడ్డానికి ఎంతసేపు పడుతుందో చూసింది. "పైన తొంభై, కింద ఎనభై" అని నర్సుతో అంది. పక్కనే ఉన్న కాంతమణికి ప్రాణం లేచొచ్చింది. తొంభై అంటే మరీ తక్కువేం కాదు కదా!

"మరీ తగ్గిపోలేదు కదా డాక్టరుగారూ?"

"పై అంకెకీ కింది అంకెకీ మధ్య ఎడం ఉండాలమ్మా. ఆ ఎడం మూసుకుపోతోంది. పూర్తిగా మూసుకుందా, నాడి అందదు." డాక్టరు చేతులు పనిచేస్తూనే ఉన్నాయి. "జ్వరం ఎప్పుడు దిగింది?"

"పొద్దున. దిగిపోయిందండి, ఇప్పుడసలు లేదు."

"అందుకే నా భయం" అంది శేషారత్నం.

లూకాని ఐసీయూలోకి తోసుకుపోయారు. రక్తం తీసి చూస్తే చిక్కబడిపోయి ఉంది. స్కానింగులో పొట్టలో నీరు, కుడివైపు ఊపిరితిత్తి చుట్టూ నీరు. కాసేపటికి డాక్టరు బయటికి వచ్చి, బెంచీ మీద కాంతమణి పక్కనే కూర్చుంది. కోపిష్ఠి డాక్టరు పక్కన కూర్చుందంటే సంగతి బాగాలేదని కాంతమణికి అర్థమైంది.

"మీరు టీచరట కదా? బడిలో పిల్లల్ని చెయ్యీ చెయ్యీ పట్టించి గుండ్రంగా నిలబెడతారా?"

"నిలబెడతాం."

"మన రక్తనాళాల లోపలి గోడ అలాంటిదే. పలచటి కణాలు ఒక్క వరసగా పరుచుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. అవి పట్టుకుని ఉన్నంతసేపే రక్తంలో నీరు లోపల నిలుస్తుంది. ఒంట్లోకి రోగం వస్తే దాంతో పోరాడే కణాలు కొన్ని రసాయనాలు వదుల్తాయి. అవి సంకేతాలు. 'ఇక్కడ ప్రమాదం, దారివ్వండి' అని కేకేసినట్టు. ఆ కేక వినగానే గోడలో కణాలు పట్టు సడలించి సందు ఇస్తాయి. పోరాడేవాళ్లు బయటికి వెళ్లాలి కదా. చిన్న గాయమైతే అక్కడే కాస్త వాచి తగ్గిపోతుంది. మీ తమ్ముడికి ఆ కేక ఒళ్లంతా ఒక్కసారే వినిపించింది. అన్నిచోట్లా చేతులు వదిలేశాయి."

"మరి రక్తం కారలేదే? ఒక్క చుక్క కూడా..."

"రక్తం కాదమ్మా, అందులో నీరు కారుతోంది. బయటికి కాదు, ఒంట్లోకే, పొట్టలోకి, ఛాతీలోకి. మిగిలిన రక్తం చిక్కబడి గుండెకి సరిపోవడం లేదు. ఉన్న కాస్తనీ గుండెకీ మెదడుకీ దాచుకోడానికి ఒళ్లు చేతుల్నీ కాళ్లనీ వదిలేస్తుంది. అందుకే అవి చల్లబడతాయి."

కాంతమణి తన చేతులు చీర కొంగులో దాచుకుంది.

"వైరస్ తగ్గుతుంది, జ్వరం దిగుతుంది. కేకలు మాత్రం ఆగవు. డెంగీలో మనుషులు పోయేది ఎక్కువగా ఇదిగో, ఈ ఒకటి రెండు రోజుల్లోనే."

"బతుకుతాడా డాక్టరుగారూ?"

"చెప్పలేను" అని శేషారత్నం లేచింది. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో అడగాలని కాంతమణికి నోటిదాకా వచ్చింది, అడగలేదు.

అద్దంలోంచి చూస్తే లూకాకి సెలైన్ బొట్లుబొట్లుగా ఎక్కుతోంది. నర్సు వచ్చి చూస్తుంది, రక్తం తీసుకెళుతుంది, బొట్ల వేగం మారుస్తుంది. తెల్లవారేసరికి ఆ వేగం బాగా తగ్గించేశారు. కాంతమణికి కడుపు మండిపోయింది. నీళ్లు కారిపోతున్న మనిషికి నీళ్లు తగ్గించడమేమిటి? రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుకి ఎదురెళ్లింది.

"ఇంకో సీసా ఎక్కించండమ్మా. మీకు దండం పెడతాను, ఇంకో సీసా."

"ఎక్కించిందంతా ఎక్కడికి పోతోందనుకుంటున్నారు? ఆ సందుల్లోంచే కారుతోంది. ఒకటి రెండు రోజుల్లో కణాలు మళ్లీ చేతులు పట్టుకుంటాయి. అప్పుడు బయటికి కారిన నీరంతా వెనక్కి రక్తంలోకి వచ్చేస్తుంది. ఇవాళ మీ మాట విని కుమ్మరించానా, రేపు అదంతా ఊపిరితిత్తుల్లో నిండి మనిషి ఊపిరాడక పోతాడు. తక్కువైతే ఇవాళ ముప్పు, ఎక్కువైతే రేపు ముప్పు. నా పని నన్ను చేసుకోనివ్వండి."

కాంతమణి పక్కకి తప్పుకుంది. ఏం వండాలో, ఏం తొడగాలో, ఎప్పుడు స్తోత్రం చెప్పాలో అన్నీ తెలిసిన మనిషి, బెంచీ మీద మేబెల్ పక్కన ముడుచుకుని కూర్చుంది. తన ప్రేమ కూడా డాక్టరు చెప్పిన అలాంటి కేకేనేమో, కాపాడబోయి ముంచేదేమో అన్న ఆలోచన వచ్చింది. వచ్చినంత వేగంగా దాన్ని తోసేసింది కానీ అది పోలేదు. ఆదివారం చర్చి వదిలాక అందరూ కొబ్బరిబోండాలతో వచ్చారు. లూకా సంగతి పేతురుగారిని అడిగారు, ఆవిడని అడగలేదు. ఆ మధ్యాహ్నం లూకాకి ఊపిరి బరువైంది, ఆక్సిజన్ పెట్టారు. మేబెల్ గోడకి తల ఆనించి కళ్లు మూసుకుంది. ఆ పిల్ల ఒక్క మాట అనుంటే, నిందించుంటే, కాంతమణికి కాస్త తేలికయ్యేది.

సోమవారం పొద్దున నర్సు కుసుమకుమారి తలుపు తెరుచుకుని వచ్చి, "మూత్రం మంచిగ వస్తుందమ్మా. బీపీ సుత పెరిగింది" అని చెప్పింది. కాంతమణి ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుని వరండాలో అందరి ముందూ బావురుమంది. రక్తం పలచబడుతోంది. గోడ మూసుకుంటోంది. డాక్టరు వచ్చి సెలైన్ ఆపేయించింది, నవ్వలేదు. "ఇవాళ గడవనివ్వండి" అంది. ఆ రోజు గడిచింది, మర్నాడూ గడిచింది.

వార్డులోకి మార్చాక లూకా దిండుకి ఆనుకుని కూర్చుని ఇడ్లీ తిన్నాడు. మేబెల్ మందులు తేవడానికి కిందికి వెళ్లింది. కాంతమణి స్టూలు మీద కూర్చుంది. తను తప్పు చేశానని చెప్పాలని వచ్చింది, ఎలా మొదలుపెట్టాలో తెలియక చెంచాతో గిన్నె గీకుతూ ఉంది. ముందు లూకాయే మాట్లాడాడు.

"అక్కా, ఆ రోజు కుర్చీల కూర్చున్నప్పుడే నాకు తెలిసింది. పోతున్న అనిపించింది."

కాంతమణి చేతిలో చెంచా ఆగిపోయింది.

"కళ్లకి సరిగ కనిపిస్తలేదు. నీళ్ల లోపల కూర్చున్నట్టు మీ పాటలు దూరంగ వినిపిస్తున్నయ్. రోసమ్మ ఆంటీ అడిగినప్పుడు చెప్దామనుకున్నా."

"మరెందుకు చెప్పలేదు నాన్నా?"

లూకా మాటలో కోపం లేదు, నిష్ఠూరం లేదు. వేళ మారిన రైలు గురించి కౌంటరు దగ్గర చెప్పినట్టు మామూలుగా చెప్పాడు.

"నువ్వు మస్తు ఖుషీగున్నవక్కా. అందరిని పిలిచినవ్. అప్పుడు నేను పడుకుంటనంటే నువ్వు పరేషాన్ అయితవని... సాక్ష్యం అయిపోయేదాక ఆగుదాం అనుకున్నా. నీ ముందర ఎట్ల చెప్పాల్నో నాకు తెల్వదు."

కాంతమణికి ఆ ఐసీయూ బయట పుట్టని భయం ఇప్పుడు పుట్టింది. చచ్చిపోతున్నానని తెలిసి కూడా వీడు తన మొహం చూసి నవ్వాడు. వీణ్ణి అలా పెంచింది తనే, ఎంతో ప్రేమగా, ఇన్నేళ్లూ, ఒక్క రోజు కూడా తప్పకుండా. ఆవిడ తమ్ముడి మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఇక మీదట ఏ కాస్త బాగోలేకపోయినా చెప్తావా? నాకు కోపం వచ్చినా, నేను ఏడ్చినా, చెప్తావా లూకా?"

"చెప్తానక్కా" అన్నాడు లూకా వెంటనే, తల ఊపుతూ, నవ్వుతూ.

ఆ నవ్వు నిజమో, తన కోసం తెచ్చిపెట్టుకున్నదో కాంతమణి ఎంతసేపు చూసినా పోల్చుకోలేకపోయింది.